సీసా కాశీయాత్ర

ఖమ్మం జిల్లాలో మా బోనకల్లుకు సముద్రం లేదు. రైల్వే స్టేషను ఉంది, అందులో ఆగకుండా పోయే రైళ్ళు ఉన్నాయి, సాగర్ ఎడమ కాలువకు మా పేరు పెట్టుకున్న బ్రాంచి కాలువ ఉంది, మిర్చి ఉంది, పత్తి ఉంది, పక్కన వైరా ఏరు ఉంది. సముద్రం మాత్రం బందరు దాకా పోతే గానీ కనపడదు. పటం మీద గీత గీసి కొలిచినా నూరు కిలోమీటర్ల పైమాటే. అందుకే ఇన్నేళ్ళూ మా చెత్తకు పరువూ ప్రతిష్ఠా లేకుండా పోయాయి.

చెత్తకు పరువేమిటి అనకండి. వచ్చింది. సముద్రం దరిదాపుల్లో పడిన ప్లాస్టిక్‌ను ఇప్పుడు చెత్త అనకూడదు, ‘ఓషన్ బౌండ్ ప్లాస్టిక్’ అనాలి. అంటే సముద్రానికి పోబోయే ప్లాస్టిక్, సముద్రగామి. పెళ్ళిళ్ళలో కాశీయాత్ర చూసే ఉంటారు. పెళ్ళికొడుకు గొడుగు, కర్ర పట్టుకుని, పావుకోళ్ళు తొడుక్కుని కాశీకి బయల్దేరతాడు. వీధి మొగ దాటడు. బావమరిది ఎదురొచ్చి బతిమాలి, బెల్లం ముక్క పెట్టి వెనక్కి తీసుకొస్తాడు, అందుకు కొత్త బట్టలు పుచ్చుకుంటాడు. కాశీ ఎవరూ పోలేదు, పోవాలని ఎవరికీ లేదు, ఫొటోలు మాత్రం బాగా వస్తాయి. ఈ సీసాల వ్యవహారం అచ్చం అంతే. సీసా పెళ్ళికొడుకు, దాన్ని కొనే కంపెనీ బావమరిది.

‘ఓషన్ బౌండ్’ అన్న మాటకు మూలం మాత్రం మంచి పరిశోధనే. 2010 ఒక్క ఏడాదిలో 192 తీరదేశాల నుంచి 48 లక్షల టన్నులకు తక్కువ కాకుండా, కోటీ 27 లక్షల టన్నులకు మించకుండా ప్లాస్టిక్ సముద్రంలో చేరి ఉంటుందని పరిశోధకురాలు జెన్నా జాంబెక్, ఆమె సహచరులు 2015లో ‘సైన్స్’ పత్రికలో లెక్క కట్టారు. లెక్క కట్టాలంటే ఎక్కడో ఒకచోట గీత గీయాలి కదా, తీరానికి 50 కిలోమీటర్ల లోపు ఉన్న జనాన్ని తీసుకున్నారు. వాళ్ళకది అంచనా కోసం పెట్టుకున్న హద్దు. తర్వాత వచ్చినవాళ్ళకు అది సర్వే రాయి అయి కూర్చుంది. జీరో ప్లాస్టిక్ ఓషన్స్ అనే ఫ్రెంచి సంస్థ 2020లో దీనికొక ధ్రువీకరణ పద్ధతి తెచ్చింది. ఆ గీత లోపల ఏరిన సీసా కరిగి గుళికలుగా మారేదాకా ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయిందో రాసుకోవాలి. గుడిలో అర్చనకు చెప్పినట్టు గోత్రనామాలతో సహా చెబితేనే సర్టిఫికెట్టు.

లక్ష్మణరేఖ సంగతి మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. పర్ణశాల మా భద్రాచలం పక్కనే. అక్కడ సీతమ్మ గీత దాటితే రామాయణమే మలుపు తిరిగింది. ఇక్కడ సీసా గీత దాటితే ధర మలుపు తిరుగుతుంది. తీరానికి 49వ కిలోమీటరు దగ్గర పడ్డ సీసాను ఏరితే సముద్రాన్ని కాపాడినట్టు, 51వ కిలోమీటరు దగ్గర పడ్డ దాని తోబుట్టువు ఉత్త చిత్తుసామాను.

ఇంకో నియమం ఉంది, నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. ఆ చెత్త పడ్డ చోట చెత్త ఎత్తే ఏర్పాటు లేకుండా గానీ, ఉన్నా సరిగా నడవకుండా గానీ ఉండాలి. అంటే పంచాయతీ బాగా పనిచేస్తే ఆ ఊరికి అర్హత పోతుంది. మా ఊళ్ళో పల్లె ప్రగతిలో కొన్న పంచాయతీ ట్రాక్టరు వస్తుంది, తడి చెత్త పొడి చెత్త వేరు చేయమని పాట పెడుతుంది, ఊరవతల షెడ్డు కూడా కట్టారు. ఇంతకాలం మా సర్పంచులను తిట్టుకున్నాం గానీ, వాళ్ళు కాస్త పనిచేసే మా కొంప ముంచారని ఇప్పుడు తెలిసింది.

అయినా నిరాశ పడక్కర్లేదు. ఆ నిబంధనల్లో నదుల పద్దు కూడా ఉంది. సముద్రం ఎంత దూరమైనా సరే, ఏట్లోనో ఏటి గట్టుకు 200 మీటర్ల లోపలో ఏరితే అది సముద్రగామి కిందికే వస్తుంది. వైరా మున్నేరులో కలుస్తుంది, మున్నేరు కృష్ణలో కలుస్తుంది, కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. కాబట్టి నా సలహా ఇది. ఇంట్లో ఖాళీ అయిన సీసాను ట్రాక్టరుకు ఇవ్వకండి, అక్కడ దానికి గౌరవం లేదు. పొద్దున్నే తీసుకెళ్ళి ఏట్లో వేయండి. వంతెన కింద వల కట్టి సాయంత్రానికి మీరే పట్టుకోండి. పొద్దున చెత్త, సాయంత్రం అంతర్జాతీయ ముడిసరుకు. ఏట్లో ఒక్క మునక వేస్తే పాపాలు పోతాయని మన పెద్దలు ఊరికే అన్నారా!

నవ్వులాటకు అన్నాను గానీ, ప్లాస్టిక్ సంగతి నిజంగా తెలిసిన మనిషి ప్రతి మంగళవారం మా వీధిలోకే వస్తాడు. ట్రాలీ ఆటో, దాని మీద మైకు, ‘పాత ఇనుప సామాన్లకు, పాత ప్లాస్టిక్ సామాన్లకు ఉల్లిగడ్డలు ఇస్తాం’ అని ఆగకుండా తిరిగే రికార్డు. ఊరంతా ఆయన్ని బాబాయ్ అంటుంది. ఆయన పని దగ్గర నిలబడి చూడాల్సిందే. సీసా అందుకోగానే మూత తిప్పి ఒక గోనెలో వేస్తాడు, ఎందుకంటే మూత ప్లాస్టిక్ వేరు, సీసా ప్లాస్టిక్ వేరు. మెడకు మిగిలిన రింగును గోటితో లాగేస్తాడు. సీసాను కాలికింద పెట్టి గాలి పోయేదాకా తొక్కి ఇంకో గోనెలోకి విసురుతాడు. డ్రిప్పు పైపు ముక్కను వంచి చూసి, విరిగిన కుర్చీ కాలును గోడకేసి కొట్టి చప్పుడు విని, ఏది ఏ రకమో చెబుతాడు. ఆయన పనికి సర్టిఫికెట్ అవసరం పడలేదు.

మొన్న చాయ్ పోయించి ఆయనకీ సముద్రగామి సంగతి చెప్పాను.

“అయితే ఏటి గట్టున ఏరితే ఎక్కువిస్తరా సారూ?”

“ఇస్తారు బాబాయ్. కాకపోతే నీకూ వాళ్ళకూ మధ్య ఇక్కడి కొట్టువాడు, ఖమ్మం సేటు, విజయవాడ గోదాము, గుళికల ఫ్యాక్టరీ ఉన్నాయి. నీ దాకా ఏం మిగులుతుందో చూడాలి.”

“ఏరేది నేనే గదా?”

“నువ్వే ఏరావని కాగితం ఉండాలి.”

“కాగితాలు, అట్టలు గూడా తీసుకుంటా సారూ. కవర్లు మాత్రం వద్దు.”

కవర్లు ఎందుకు వద్దో ఆయన్నడిగితే చెప్పాడు. తూకం పడవు. సంచి నిండా కుక్కినా కిలో కావు, మట్టి ఎక్కువ, కడిగితే కూలి గిట్టదు. గుట్కా పొట్లాలు, చిప్స్ పొట్లాలైతే రెండు మూడు పొరలు అంటుకుని ఉంటాయి, విడదీసేవాడు లేడు. అసలు ముడి ఇక్కడే ఉంది. నీళ్ళ సీసాకు దేశంలో ఎప్పుడూ కొనేవాడున్నాడు. అది ఏట్లో పడ్డా ఎవడో ఒకడు దిగి తెస్తాడు. సముద్రానికి నిజంగా పోయేది ఎక్కువగా కొనేవాడు లేని కవరు. పత్రాలేమో ఎక్కువగా ఎప్పుడూ అమ్ముడుపోతూనే ఉన్న సీసా మీద గుద్దుతున్నారు. పెళ్ళికొడుకును బతిమాలడానికి ఊరంతా కదిలింది, నిజంగా కాశీకి పోతున్న వాణ్ణి ఆపే నాథుడు లేడు.

2024 సెప్టెంబరు మొదట్లో వచ్చిన వరద గుర్తుందా? మున్నేరు ఖమ్మంలో ఇళ్ళలోకి వచ్చింది, ఇక్కడ ఏరూ వాగులూ ఏకమయ్యాయి. నీళ్ళు తీసిన తర్వాత ఏటి గట్టున తుమ్మచెట్లకు కవర్లు వేలాడాయి. ఒకే ఎత్తున, వరుసగా, తోరణాలు కట్టినట్టు. మల్చింగ్ షీటు పేలికలు, విత్తనాల సంచులు, పెరుగు ప్యాకెట్లు. ఎంత ఎత్తున నీళ్ళు పోయాయో, ఏ ఊరి చేలు కడిగాయో అక్కడే రాసి ఉంది. జాడ పట్టడం అంటే అది. వాటిలో సీసాలు వెతికాను. కనపడలేదు. అప్పటికే ఎవరో ఏరుకుపోయారు.

విశాఖలోనూ ఇలాంటి పెళ్ళి ఒకటి వైభవంగా జరిగింది. 2022 ఆగస్టు 26న 28 కిలోమీటర్ల తీరం వెంట వేలమంది చేరారు, ఒక్కరోజున 76 టన్నుల ప్లాస్టిక్ ఎత్తామని ప్రకటించారు. పార్లే ఫర్ ది ఓషన్స్ సంస్థతో ఒప్పందం జరిగింది. అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి గారు ప్లాస్టిక్ నుంచి తయారైన బూట్లు, కళ్ళజోడు చూపించారు, 2027 కల్లా ఆంధ్రప్రదేశ్ ప్లాస్టిక్ రహితమన్నారు. ఎత్తినవాళ్ళ చెమటను తప్పు పట్టను. కానీ ఇసుక మీద ఏరిన సీసాకూ సముద్రానికీ ఉన్న చుట్టరికం నేతిబీరకాయకూ నెయ్యికీ ఉన్నంతే. దానితో చేసిన బూటు కొన్నవాడు మాత్రం తిమింగలం గొంతులోంచి లాగిన దారం తొడుక్కున్నాననుకుంటాడు.

ఇక కాగితాల సంగతి. కరణాల కాలంలో పొలం గట్టు మీద పెరగకపోయినా కాగితం మీద పెరిగేది. ఆ విద్య అంతరించలేదు. ప్లాస్టిక్ ప్యాకింగు వాడే కంపెనీలు నిర్ణీత మోతాదులో ప్లాస్టిక్‌ను రీసైకిల్ చేయించాలని 2022లో కేంద్రం నిబంధన తెచ్చింది. సొంతంగా చేయించలేనివాళ్ళు రీసైక్లర్ల దగ్గర సర్టిఫికెట్లు కొనుక్కోవచ్చంది. మరుసటి ఏడాదే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తనిఖీకి పోతే, గుజరాత్, మహారాష్ట్ర, కర్ణాటకల్లో కొన్ని కంపెనీలు ఆరు లక్షల దాకా దొంగ సర్టిఫికెట్లు పుట్టించాయని తేలింది. కరగని ప్లాస్టిక్, తిరగని మిషను, ఆరు లక్షల కాగితాలు. ఒక్కదానికీ బురద అంటలేదు.

జాడ రాసుకోవడం తప్పని నేననను. హైదరాబాదులో 2013లో మొదలైన బన్యన్ నేషన్ లాంటివాళ్ళు పాత సామాన్ల వాళ్ళతోనే కలిసి, సీసా ఎక్కడిదో రాసుకుని, మళ్ళీ సీసాకు పనికొచ్చే సరుకు చేస్తున్నారు. దానికి సముద్రం పేరు చెప్పనక్కర్లేదు. హైదరాబాదు చెత్త హైదరాబాదు చెత్తే. నా పేచీ ఆ పేరు మీదే. చెత్తకు అది చేసే చెరుపును బట్టి కాక, అమ్ముడుపోయే కథను బట్టి ధర కడుతున్నారు. ఇంత డబ్బూ ఇంత రాతకోతా సీసాకు బదులు కవరు మీద పెట్టి, కిలో కవర్లకు కిలో సీసాల ధర ఇచ్చి చూడండి. బాబాయ్ మైకు రికార్డు రేపే మారుతుంది.

అంతదాకా మాకు మంగళవారం మంగళవారం ఆటో వస్తుంది. సీసాలకు ఉల్లిగడ్డలు ఇస్తాడు. కవర్లు తీసుకోడు.