చరణదాసు

"ఈ పాట భలే ఉందండీ" అని నలుగురిలో నోరు జారడం బెంగళూరులో అంత క్షేమం కాదు. మారతహళ్లి, బెళ్లందూరు వైపైతే మరీను. ఆ నలుగురిలో ఒకడు కచ్చితంగా అతనై ఉంటాడు. టీ గ్లాసు పక్కన పెట్టి, గొంతు సవరించుకుని, "ఏ వెర్షను?" అంటాడు.

ఇక ఆ పాట మీది కాదు.

అతనికి అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది. సినిమాల్లోంచి ఎగిరిపోయిన రెండో చరణాల మీద అతనికున్న భక్తి చూసి మేం చరణదాసు అంటాం. కడప నుంచో ఒంగోలు నుంచో (ఈ పంట అన్ని జిల్లాల్లోనూ పండుతుంది) వచ్చి, ఔటర్ రింగ్ రోడ్డు మీద ఏదో కంపెనీలో టెస్టింగు చేస్తుంటాడు. నిన్నటి బిల్డుకీ ఇవాళ్టి బిల్డుకీ తేడా పట్టి బగ్గు రాయడం ఉద్యోగం. సాయంత్రం లాప్‌టాప్ మూసినా బుర్ర మూతపడదు కనక ఆ పనే పాటల మీద కొనసాగిస్తాడు. "రెండో ఇంటర్లూడ్‌లో వీణ బిట్టు తగ్గించారు, గమనించారా?" అని రాత్రి పదకొండింటికి ఫోను. లేదంటే మన మీద జాలిపడతాడు. గమనించామని అబద్ధమాడితే మరీ ప్రమాదం, "ఎన్ని సెకన్లు?" అంటాడు.

'నాటు నాటు' మాటెత్తితే ఆ పూట భోజనం ఆలస్యమే. 2021 నవంబరులో వచ్చిన లిరికల్ వీడియో ఒకటి. 2022 మార్చి 25న సినిమాలో వచ్చింది మరొకటి. సినిమాలో పాటకి ముందు తెల్లవాడి ఎగతాళి ఉంది, డ్రమ్ము మీద దరువు ఉంది. అవి లేకుండా ఇయర్‌ఫోన్లో విన్నవాడికి పాట ఎక్కుతుంది గాని కసి ఎక్కదని అతని తీర్పు. ఆపైన 2023 మార్చి 12న ఆస్కార్ వేదిక మీద రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ పాడిన పొట్టి రూపం. హిందీలో 'నాచో నాచో', కన్నడలో 'హళ్ళి నాటు'. ఇంటి ఓనరు కన్నడిగుడు. ఆయన అద్దె మాట ఎత్తేలోపే చరణదాసు కన్నడ వెర్షన్ పెట్టి, "టీ-సిరీస్‌తో కలిసి మన బెంగళూరు లహరి వాళ్లే రిలీజ్ చేశారు సార్" అని వినయంగా విన్నవిస్తాడు. ఓనరుగారు పొంగిపోతారు. పొంగిపోయి, అద్దె పెంచుతారు.

ప్రోమో అంటే మాత్రం అతనికి ఒళ్లుమంట. ప్రోమో రేపు ఉదయం 11:07కి అని ముందొక పోస్టరు దిగుతుంది. మనం పెళ్లిపీటల మీదైనా అంత నిమిషం తప్పకుండా కూర్చోం. తీరా 11:07కి హుక్కు నాలుగుసార్లు కొట్టి ఆపేస్తారు. దాని వెనకాల 'ఫస్ట్ సింగిల్', ఆ తర్వాత సెకండ్ సింగిల్. "సింగిలంటే చేత్తో పట్టుకునే వస్తువు నాయనా! ఏడంగుళాల రికార్డు. ఇటో పాట, అటో పాట. గాల్లో ఉన్నదాన్ని పట్టుకుని సింగిలంటారేంట్రా?" అని పీజీ కుర్రాళ్లని నిలదీస్తాడు. "సింగిలంటే మేమే అన్నా" అంటారు వాళ్లు.

అయినా అతని పిచ్చిలో సరుకుంది, కాదనలేం. పాట ఎంత ఉండాలో రాసినవాడు, కట్టినవాడు తేల్చిన రోజులు తక్కువే. పదంగుళాల 78 రికార్డుకి ఒకవైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకు. తెర మీద పాట అంతకు మించితే కుదించాలి, లేదా రెండోవైపుకి తిప్పాలి. ఒకప్పుడు సినిమాకోసారి, రికార్డుకోసారి విడివిడిగా పాడించడమూ ఉండేది. 1949లో 'మహల్' పాట రికార్డు మీద గాయని పేరు కామిని అని వేశారు. కామిని సినిమాలో పాత్ర. పాడింది లతా మంగేష్కర్.

అమెరికాలో కత్తెర రేడియోవాళ్ల కోసం ఆడేది. డోర్స్ బృందం 1967లో 'లైట్ మై ఫైర్' పాటని ఆల్బమ్‌లో ఏడు నిమిషాలు వాయిస్తే, సింగిల్‌కి వచ్చేసరికి ఆర్గన్, గిటార్ విన్యాసాలు కోసేసి మూడు నిమిషాల లోపుకి దించారు. బాబ్ డిలన్ 1965 నాటి ఆరు నిమిషాల పాట 'లైక్ ఎ రోలింగ్ స్టోన్'ని రేడియోలకి పంపిన ప్రోమో రికార్డులో ఆ వైపు సగం, ఈ వైపు సగం ఎక్కించారు. ఫిల్ స్పెక్టర్ వీళ్లందరికన్నా ఘనుడు. 1964లో రైటియస్ బ్రదర్స్ చేత పాడించిన పాట మూడూ ముప్పావు నిమిషాలుంటే, కత్తిరించడం మానేసి లేబులు మీద 3:05 అని అచ్చు వేయించాడు. ఈ ఘట్టం చెప్పేటప్పుడు చరణదాసు కళ్లు చెమరుస్తాయి. ఆఫీసులో ఏ పని ఎన్ని రోజులు పడుతుందో చెప్పాల్సి వచ్చినప్పుడు తనూ స్పెక్టర్ మార్గమే అవలంబిస్తాడు.

వ్యక్తిగతంగా అతని ఓటు ఆల్బమ్ వెర్షన్‌కే. సిల్క్ బోర్డు సిగ్నల్ దాటడానికి సింగిల్ ఎక్కడ సరిపోతుంది?

ఆదివారం పొద్దున చిక్‌పేట పక్కన, బి.వి.కె. అయ్యంగార్ రోడ్డు సండే బజార్లో కనిపిస్తాడు. కుక్క బొమ్మ రికార్డు కనబడితే దుమ్ము తుడిచి, లేబులు చదివి, లోపలి అంచున చెక్కిన నంబరు మీద ఫోను లైటు వేసి, గంటసేపు బేరమాడి కొంటాడు. ఇంట్లో ప్లేయరు లేదు. "ఏం చేసుకుంటారండీ దాన్ని?" అని భార్య అడిగితే, "వినడానికి కాదు, రుజువుకి" అంటాడు.

థియేటరు కూడా అతనికి రుజువుల ఖాతాలోదే. 2024 సెప్టెంబరు 27న 'దేవర' విడుదలైతే అందులో 'దావూదీ' పాట లేదు, తర్వాత కలిపారు. 2025 జనవరి 10న 'గేమ్ ఛేంజర్' వచ్చింది, 'నానా హైరానా' రాలేదు. ఇన్‌ఫ్రారెడ్ దృశ్యాలతో సాంకేతిక ఇబ్బందని చెప్పి సంక్రాంతికి చేర్చారు. రెండింటికీ రెండేసి టికెట్లు కొన్నాడు. రెండోసారి పాట అవగానే లేచి వచ్చేశాడు. అదేమంటే, "మిగతాది పాత బిల్డే కదా" అన్నాడు.

ఇన్ని తూచేవాడికి అసలైన వెర్షన్ అంటే ఏమిటో మొన్న ఉగాదికి క్లబ్‌హౌస్‌లో తెలిసింది. 'సాగర సంగమం'లో బాలు, జానకి పాడిన 'మౌనమేలనోయి' ఎత్తుకున్నాడు, జానకి వంతుకి మూడో అంతస్తు ఆంటీగారు. పల్లవి బాగుంది, మొదటి చరణం ఇంకా బాగుంది. రెండో చరణం మధ్యలో, మాట సగంలో ఉండగా, టక్కున ఆగిపోయాడు. మర్చిపోయాడేమోనని ఎవరో అందించబోయారు. మర్చిపోలేదు. చిన్నప్పుడు వాళ్ల నాన్న పాటల చీటీ రాసిచ్చి, బజార్లో రికార్డింగ్ షాపతని చేత అరవై నిమిషాల ఖాళీ క్యాసెట్టు నింపించాడు. ఒకవైపు టేపు సరిగ్గా అక్కడ అయిపోయింది. ఇంటర్ దాకా ఇంట్లో ఉన్నది ఆ ఒక్క క్యాసెట్టే.

ఆంటీగారికి ఇవేం తెలియవు. ఆవిడ ధైర్యంగా చరణం పూర్తిచేసి, పల్లవి అందుకుని, చప్పట్లు కూడా కొట్టించుకున్నారు. చరణదాసు మైకు ఇంకా కింద పెట్టలేదు. ఆవిడ దిగిపోతుంటే గౌరవంగా పక్కకి పిలిచి చెప్పాడు: "బాగా పాడారు ఆంటీ. కాకపోతే మీరు పాడింది ఎక్స్‌టెండెడ్ వెర్షను."