మందుల బాబాయిగారు

మా అపార్టుమెంటు మూడో అంతస్తులో ఉండే ఆయన్ని పిల్లా పెద్దా అందరూ మందుల బాబాయిగారనే అంటారు. ఇలాంటి బాబాయి లేని అపార్టుమెంటు ఉండదు. షుగరుకి ఒక డాక్టరు, పంటికి ఒకరు, మోకాలికి ఇంకొకరు. ఒకరి చీటీ మరొకరికి చచ్చినా చూపించరు. "పెళ్ళిచూపుల్లో పాత సంబంధాల ఊసెత్తుతామా?" అని ఆయన వాదన.

ఆ మధ్య చిగురు వాస్తే పళ్ళ డాక్టరు అయిదు రోజులకి ఆగ్మెంటిన్ అనే యాంటీబయాటిక్ రాశాడు. ఆ వారంలోనే షుగరు డాక్టరు, షుగరునీ బరువునీ తగ్గించే మౌంజారో ఇంజక్షను మొదలుపెడదామన్నాడు. 2025 మార్చిలో అది మన దేశంలోకి వచ్చిన దగ్గర్నుంచీ బాబాయిగారు దానికోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తున్నారు మరి. "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని డాక్టరు అడిగితే, "మీరు రాసినవే సార్" అన్నారు వినయంగా, జేబులో ఆగ్మెంటిన్ స్ట్రిప్పు చప్పుడు కాకుండా అదిమిపట్టుకుని.

ఆదివారం రాహుకాలం దాటాక, ఫ్రిజ్‌లో పెరుగుగిన్నె పక్కనుంచి మౌంజారో పెన్ను బయటికొచ్చింది. పిన్నిగారు టీవీ ఆపేశారు. బాబాయిగారు బనీను పైకెత్తి, బొడ్డుకి రెండంగుళాల దూరం వేళ్ళతో కొలిచి, కళ్ళు మూసుకుని 2.5 మిల్లీగ్రాములు పొడుచుకున్నారు. కళ్ళు తెరిచి వెంటనే బెల్టు బిగించి చూసుకున్నారు.

మంగళవారానికి వికారం, విరేచనాలు. ఆ ఇంజక్షను తిన్నదాన్ని పొట్టలోంచి త్వరగా కదలనివ్వదు, మొదట్లో కడుపులో తిప్పుతుంది. ఆగ్మెంటిన్‌కి విరేచనాలు తెస్తుందన్న పేరు పాతదే. ఇద్దరు ముద్దాయిలూ ఒకే ఇంట్లో ఉంటే నేరం ఎవరిదో ఎలా తేలుతుంది? బాబాయిగారు క్షణంలో తేల్చేశారు: పిన్నిగారి గోంగూర పప్పు.

వాపు తగ్గిందని మూడోరోజే ఆగ్మెంటిన్ ఆపేసి, మిగిలిన బిళ్ళల్ని పాత హార్లిక్స్ సీసాలో దాచారు, ఎవరికైనా పనికొస్తాయని. చీటీ లేకుండా వాడకూడదని చెప్పే ఎర్రగీత స్ట్రిప్పు మీద కనబడుతూనే ఉంది. "అది డిజైను" అన్నారు.

షుగరుకి గ్లిమిపిరైడ్ వాడే కింది ఫ్లాటు మాస్టారికి మూత్రంలో మంటట. బాబాయిగారు అదే సీసాలోంచి ఎప్పుడో మిగిలిన సిప్రో అనే యాంటీబయాటిక్ తీసి ఇచ్చారు. "మాస్టారూ, దీంతో షుగరు కూడా తగ్గుతుంది!" ఆయన వైద్యం మొత్తంలో నిజం ఇదొక్కటే. ఆ రెండూ కలిస్తే షుగరు మనిషి పడిపోయేంత తగ్గొచ్చు. మాస్టారు బిళ్ళ మింగలేదు, తన డాక్టరుకి ఫోన్ చేశారు.

ఆఖరికి పిన్నిగారు చీటీలన్నీ చీరకొంగులో మూటకట్టి తీసుకెళ్ళి షుగరు డాక్టరు బల్ల మీద పరిచేశారు. "పంటి మందు కోర్సు అయ్యాక మొదలుపెట్టేవాళ్ళం కదండీ! వారం ఆగితే కొంపలు మునుగుతాయా? విరేచనాలతో ఒంట్లో నీరు పోతే కిడ్నీలకి ముప్పు" అంటూ ఆయన అక్కడికక్కడే పళ్ళ డాక్టరుకి ఫోన్ కలిపాడు.

బాబాయిగారు బయటికొచ్చి పిన్నిగారి మీద విరుచుకుపడ్డారు. "చూశావా నీ నిర్వాకం! ఇన్నాళ్ళూ ఎవరికి వాళ్ళుగా ఉన్న మనుషులు, ఇప్పుడు ఇద్దరూ ఒకటైపోయారు!"