లిఫ్టు పక్క కుండీ చీటీకి టీకా తాత్పర్యం

మూలం: ఈ మొక్కలకు నీళ్లు పోయరాదు. ఇవి ప్లాస్టిక్‌వి. – అడ్మిన్

అవతారిక: మాదాపూర్‌లో ఒకానొక ఆఫీసు లిఫ్టు పక్కన కుండీకి అంటించిన చీటీ ఇది. గద్యం గనుక యతిప్రాసల పేచీ లేదు.

ప్రతిపదార్థం: ఈ = లిఫ్టు దిగగానే ఎదురయ్యే; మొక్కలకు = వేరు, చీడ, చావు లేని పచ్చని వస్తువులకు; నీళ్లు = బాటిల్ అడుగున మిగిలినవి; పోయరాదు = పోస్తే కార్పెట్ కుళ్లును; ఇవి = నిన్నటిదాకా క్లయింట్లకు ‘మా గ్రీన్ కార్నర్’ అని చూపించినవి; ప్లాస్టిక్‌వి = ముడిచమురు సంతానము, అనగా కోట్ల ఏళ్ల కిందటి సముద్రజీవుల వారసులు. ఆ లెక్కన ప్రకృతికి దూరపు చుట్టాలే.

తాత్పర్యం: ఓ దయామయులారా, మీ దయ మొక్కకు గాక కార్పెట్‌కు చేరుచున్నది, మానుకొనుడు అని అడ్మిన్ హృదయం.

విశేషాలు: ప్లాస్టిక్‌కు నీళ్లెవరు పోస్తారని శంక. పోస్తున్నారు. ప్రాప్తించనిదానికి నిషేధం ఉండదని మీమాంసకుల మాట. పోసేవాడిది భ్రాంతిమదలంకారం; వాడి భ్రమ తీర్చిన అడ్మిన్‌ది భ్రాంతాపహ్నుతి. ఆకుల మీద జిగురుతో అతికించిన మంచుబిందువులకు మాత్రం ఏ అలంకారంలోనూ చోటు దొరకలేదు.

ఇక కృత్రిమమైతే తప్పేమిటని పూర్వపక్షం. తప్పు లేదు. 2003లో లండన్ టేట్ మోడర్న్ మ్యూజియంలోని టర్బైన్ హాల్లో కళాకారుడు ఓలఫుర్ ఎలియాసన్ ఏకంగా సూర్యుణ్నే వేలాడదీశాడు. ఉన్నది అర్ధబింబమే, వందల పసుపు దీపాలు. తక్కిన సగం కప్పుకు పరిచిన అద్దాలు పూరించేవి. పొగమంచూ యంత్రానిదే. జనం నేల మీద వెల్లకిలా పడుకుని వేడి లేని ఆ ఎండ కాచుకున్నారు. దగ్గరికెళ్లి చూస్తే దీపాల గుట్టంతా బయటపడేది, ఆయన దాచలేదు. మాయ అని తెలిసీ మైమరవడమే అక్కడి రసం.

న్యూయార్క్‌లో మరో కళాకారుడు వాల్టర్ డి మరియా చేసిన 1977 నాటి ‘ఎర్త్ రూమ్’ మరీ విడ్డూరం. మేడ మీద 3,600 చదరపు అడుగుల్లో, 22 అంగుళాల మందాన అచ్చమైన మట్టి. దానికి నీళ్లు పోస్తారు, గొర్రుతో సవరిస్తారు, ఏదైనా మొలిస్తే పీకేస్తారు! మట్టికి నీళ్లు అక్కడ విధి, మొక్కకు నీళ్లు ఇక్కడ నిషేధం.

నిర్ణయం: మన ఆఫీసు వనంలో కళ అనదగినది ఈ చీటీ ఒక్కటే. ఎలియాసన్ దీపాలు దాచనట్టే అడ్మిన్ ప్లాస్టిక్‌ను దాచలేదు. కాకపోతే చీమ తలకాయంత అక్షరాల్లో ఒప్పుకున్నాడు. దీన్ని గోడంత చేసి రాయించాలి. లిఫ్టు స్పీకర్లో కూసే కోకిలకూ ఒక చీటీ కావాలి. అంతవరకు చదువరులు తమ బాటిల్ నీళ్లు తామే తాగవలెనని మనవి.