పిరికివాడి తొడుగు అన్నారు నన్ను

మొహం కప్పుకున్న గోల్‌కీపర్‌కి గుండె ధైర్యం ఉండదు. 1959 నాటికి ఐస్ హాకీలో ఇది ఎవరూ ఎదురు చెప్పని మాట. కోచ్‌లూ అదే అనేవారు, మేనేజర్లూ అదే అనేవారు, మొహం నిండా కుట్లున్న గోల్‌కీపర్లలోనూ చాలామంది అదే అనేవారు. నేనొక మాస్కుని. మాంట్రియల్ కెనేడియన్స్ గోల్‌కీపర్ జాక్ ప్లాంట్ మొహానికి అచ్చు తీసి చేసిన ఫైబర్‌గ్లాస్ మాస్కుని. ఆ మాట వీగిపోవడానికి ఎంత నెత్తురు కారాల్సి వచ్చిందో దగ్గరుండి చూశాను.

ఆట తెలియనివాళ్ల కోసం ముందు పక్ సంగతి చెప్పాలి. అది గట్టి రబ్బరు బిళ్ల. మూడు అంగుళాల వెడల్పు, అంగుళం మందం, సుమారు 170 గ్రాముల బరువు. మంచు మీద ఎగిరెగిరి పడకుండా మ్యాచ్‌కి ముందే దాన్ని బాగా చల్లబరుస్తారు. ఇక 1950లలో స్లాప్ షాట్ జోరందుకుంది. కర్రను వెనక్కి బాగా ఎత్తి, ఒంట్లో బలమంతా పెట్టి బాదే దెబ్బ అది. గోల్ ముందు ఆటగాళ్లు గుమిగూడితే బిళ్ల ఎప్పుడు బయల్దేరిందో కూడా కనిపించదు. దారిలో ఎవరి కర్రకో తగిలి మళ్లిపోతుంది కూడా. అలాంటి ఆటలో గోల్‌కీపర్ కాళ్లకు మందపాటి ప్యాడ్లు కట్టుకునేవాడు, ఛాతీకి కవచం, చేతులకు గ్లౌజులు వేసుకునేవాడు. వాటిని ఎవరూ పిరికితనం అనలేదు. మొహానికి అడ్డు పెట్టుకుంటానంటే మాత్రం తప్పుపట్టారు. కాలికి అక్కర్లేని పౌరుషం ముక్కుకి ఎందుకు కావాల్సి వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

పైగా వాళ్ల వాదనలు ఒకదాన్నొకటి కొట్టేసేవి. మాస్కు పెట్టుకున్నవాడు భయపడుతున్నాడని ఒకరు అనేవారు. మాస్కు ఉంటే భయం పోతుంది, భయం పోతే ఏమరుపాటు వస్తుందని ఇంకొకరు అనేవారు. రెండూ ఒకేసారి నిజం కావు. అయినా రెండూ ఒకే గదిలో, ఒకే గొంతులో వినిపించేవి. ఆ గొంతులకు బరువూ ఉండేది. కోచ్ టో బ్లేక్ అప్పటికే కెనేడియన్స్ చేత వరుసగా నాలుగుసార్లు లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిపించాడు. గెలుస్తున్న మనిషి మాటను ఎవరు కాదంటారు?

ప్లాంట్ కాదన్నాడు. ఆయనకు అప్పటికే రెండు చెంప ఎముకలూ విరిగాయి. రెండుసార్లూ ప్రాక్టీసులోనే, సొంత జట్టువాళ్ల షాట్లకే. సైనస్ ఆపరేషన్ తర్వాత, 1956 నుంచి ప్రాక్టీసులో మాస్కు పెట్టుకునేవాడు. దానికి బ్లేక్ ఒప్పుకున్నాడు గానీ మ్యాచ్‌లో మాత్రం వద్దన్నాడు.

నా పుట్టుకకు కారణం బిల్ బర్చ్‌మోర్. ఫైబర్‌గ్లాస్ తయారుచేసే కంపెనీలో ఉద్యోగి. 1958 ప్లేఆఫ్ మ్యాచ్‌లో ప్లాంట్ నుదుటికి పక్ తగలడం కళ్లారా చూసి, మీ మొహానికి అతుక్కునేట్టు ఒక తొడుగు చేస్తానని ఉత్తరం రాశాడు. కొన్నాళ్లకు ప్లాంట్ సరేనన్నాడు. తలకు మేజోడు తొడిగి, మొహమంతా వాజలిన్ పూసి, ఊపిరి ఆడటానికి ముక్కులో గొట్టాలు పెట్టి, పైన ప్లాస్టర్ పోశారు. ఆ అచ్చు మీద ఫైబర్‌గ్లాస్ పొరలు ఒకదానిపై ఒకటి పరిచి నన్ను తయారుచేశారు. చర్మం రంగు, కళ్లకు రెండు రంధ్రాలు, నోటికి ఒక చీలిక. అందగత్తెను కానని నాకు తెలుసు. కానీ ఆయన ముక్కు వంపు, చెంపల ఎత్తుపల్లాలు వెంట్రుకవాసి తేడా లేకుండా నాలో ఉన్నాయి.

1959 నవంబరు 1. న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్. ఆట మొదలైన మూడు నిమిషాలకే రేంజర్స్ ఆటగాడు ఆండీ బాత్‌గేట్ కొట్టిన పక్ ప్లాంట్ మొహాన్ని చీల్చింది. తువ్వాలు అడ్డుపెట్టుకుని లోపలికి వచ్చాడు, డాక్టర్ కుట్లు వేశాడు. ఆ రోజుల్లో జట్టుకు ఒక్కడే గోల్‌కీపర్. ఆయన లేకపోతే స్టేడియం వాళ్లు అందుబాటులో ఉంచే ఎవరో ఒక అమెచ్యూర్‌ని నిలబెట్టాలి. ఆట దాదాపు 20 నిమిషాలు ఆగింది. మాస్కు లేకుండా వెళ్లనని ప్లాంట్ తేల్చి చెప్పాడు. బ్లేక్‌కి గత్యంతరం లేదు. గాయం మానగానే తీసెయ్యాలన్న షరతు మీద ఒప్పుకున్నాడు. ఇంకా పచ్చిగా ఉన్న కుట్ల మీద నన్ను బిగించుకుని ప్లాంట్ మంచు మీదికి వచ్చాడు. 3-1తో గెలిచాం.

ఆ తర్వాత జట్టు చాలా మ్యాచ్‌లు ఓడకుండా సాగింది. 1960 మార్చి 8న డెట్రాయిట్‌తో మ్యాచ్‌లో బ్లేక్ మాట మన్నించి ప్లాంట్ మాస్కు పక్కన పెట్టాడు. 0-3తో ఓడిపోయారు. మర్నాడే మళ్లీ మాస్కు తొడుక్కున్నాడు. ఆ ఏడాది ప్లేఆఫ్స్‌లో ఎనిమిదికి ఎనిమిది మ్యాచ్‌లూ గెలిచి కెనేడియన్స్ వరుసగా అయిదో కప్పు ఎత్తారు. అయితే ఆ ఒక్క ఓటమిని నా గొప్పకు రుజువుగా చూపించుకోను. మాస్కు లేకుండా ఆయన అంతకుముందు ఎన్నో మ్యాచ్‌లు గెలిచాడు. నన్ను బాధపెట్టేది వేరే విషయం. ఆ నవంబరులో జట్టు వరుసగా నాలుగు ఓడి ఉంటే, నన్ను ఏ చెత్తబుట్టలోనో పడేసి మళ్లీ పాత మాటే అనేవారు. ఒక మనిషి కంటికీ దవడకీ రక్షణ కావాలా వద్దా అన్నది స్కోరుబోర్డు తేల్చాల్సిన సంగతి కాదు. అలా తేల్చడం అన్యాయం.

ఎదుటివాళ్ల వాదనలో నిజం బొత్తిగా లేదని కూడా అనను. నాలోంచి చూస్తే కాళ్ల దగ్గర పడ్డ పక్ సరిగా కనిపించేది కాదు. 1930లో మాంట్రియల్ మరూన్స్ గోల్‌కీపర్ క్లింట్ బెనెడిక్ట్ తోలు మాస్కు పెట్టుకుని, ముక్కు దగ్గరి భాగం చూపుకు అడ్డొస్తోందని కొద్ది మ్యాచ్‌లకే తీసేశాడు. లోపం ఉంటే దాన్ని సరిదిద్దాలి. కానీ మాస్కు అనే ఆలోచననే దాదాపు ముప్ఫై ఏళ్లు పక్కన పెట్టారు. బర్చ్‌మోర్ అలా ఊరుకోలేదు. కొద్ది నెలల్లోనే ఫైబర్‌గ్లాస్ కడ్డీలతో అల్లిన, గాలి ఆడే, చూపు బాగా ఆనే కొత్త మాస్కు చేశాడు. నా చోటు దానికిచ్చాను, సంతోషంగానే.

ప్లాంట్ మొండితనం నా ఒక్కదాని కోసమే కాదు. గోల్ వదిలి వెనక్కి వెళ్లి పక్ అందుకుని సొంత ఆటగాడికి అందించడం కూడా అప్పట్లో తప్పుగానే చూసేవారు. ఇవాళ గోల్‌కీపర్‌కి అది నేర్పి తీరతారు.

1970 స్టాన్లీ కప్ ఫైనల్లో, సెయింట్ లూయిస్ జట్టు తరఫున ఆడుతుండగా ప్లాంట్ తలకి షాట్ తగిలి స్పృహ తప్పింది. మాస్కు లేకపోతే బతికేవాణ్ని కాదని ఆయనే చెప్పాడు. మీ క్రికెట్లోనూ 1978లో గ్రాహం యాలప్ టెస్టు మ్యాచ్‌లో హెల్మెట్‌తో దిగితే ప్రేక్షకులు ఎగతాళి చేశారు. మీ పిల్లల్ని ఏ ఆటకి పంపినా, పెద్దవాళ్లెవరైనా రక్షణ సామాన్లను పిరికితనం అంటే, ఆ దెబ్బ తగిలేది ఎవరికో ఒక్కసారి అడగండి. నా రాకతో కూడా అందరూ మారలేదు. పిట్స్‌బర్గ్ పెంగ్విన్స్ గోల్‌కీపర్ ఆండీ బ్రౌన్ 1974 ఏప్రిల్ దాకా ఉత్త మొహంతోనే ఆడాడు. ఈ జట్లన్నీ ఆడే లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో అలా ఆడిన చివరి గోల్‌కీపర్ ఆయనే.