పిల్లి సంతకం లేని పత్రం

షుగర్ గ్లైడర్ అమ్మేవాడి ఫోనులో ఒక ఫొటో తప్పకుండా ఉంటుంది: నిద్రపోతున్న పిల్లి, దాని వీపు మీద గ్లైడర్. ‘చిన్నప్పట్నుంచీ కలిపి పెంచితే ఏమీ చెయ్యవన్నా, అన్నీ ఫ్రెండ్సే’ అని పూచీ ఇస్తాడు. ఆ పూచీ కింద పిల్లి సంతకం మాత్రం ఎక్కడా కనబడదు.

గ్లైడర్ ఆస్ట్రేలియా, న్యూగినీ అడవుల ప్రాణి. కంగారూకు దూరపు చుట్టం, పిల్లను సంచిలోనే మోస్తుంది. బరువు 100–150 గ్రాములు. ముందుకాళ్లకూ వెనక్కాళ్లకూ మధ్యనున్న చర్మం చాచి 50 మీటర్ల దాకా గాల్లో తేలిపోతుంది. పగలు నిద్ర, రాత్రి సంచారం. మన పిల్లి ఇంట్లో పాలు తాగుతున్నదే ఆ సైజు ప్రాణుల్ని ఆ వేళలో పట్టడానికి. తెలిసినవాడే కదా అని అది ఏ ఎలుకనూ వదిలిపెట్టిన దాఖలా లేదు. చంపాలని కూడా లేదు, ఆటకు ఒక్క పంటిగాటు పెట్టినా చాలు. పిల్లి నోటిలోని క్రిములు ఆ కాస్త ఒంట్లో చేరి మిగతా పని కానిస్తాయి. గాటు బొచ్చు చాటున కనబడను కూడా కనబడదు.

సరే, ఉరవకొండకు ఒకటి దిగిందనుకుందాం. ఏప్రిల్లో దిగితే మరీ శ్రేష్ఠం. 40 డిగ్రీలు దాటిన ఎండలో ఫ్యాను ఆపలేం, ఆ ఫ్యాను కిందే అది తేలాలి. కొళాయి ఎప్పుడొస్తుందో తెలియదు గనక ఇంటినిండా మూతల్లేని డ్రమ్ములు, బిందెలు. నీళ్లలో పడితే గ్లైడర్ పైకి రాలేదు. కరువు సీమకొచ్చి మునిగి చచ్చిన ఘనత దానికే దక్కుతుంది. మగ్గమున్న ఇల్లయితే పట్టుపోగు గోటికి చుట్టుకుని, లాక్కున్న కొద్దీ బిగుస్తుంది. ఇంక మన మర్యాద! వచ్చినవాళ్లకు గుప్పెడు శెనక్కాయలు పెట్టకపోతే మనకు తోచదాయె. శెనక్కాయలో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. రోజూ అదే మేపితే ఎముకలు గుల్లబారి వెనక్కాళ్లు పడిపోతాయి. అప్పుడు ఎత్తుకుని పశువుల ఆస్పత్రికి పరుగెడితే, గొర్రెలకు చిటుక రోగం టీకాలేసే డాక్టరు ‘ఇదేందప్పా, ఉడతా?’ అన్నాడంటే తప్పు ఆయనది కాదు.

గ్లైడర్ ఒట్టి అమాయకురాలనుకునేరు. 19వ శతాబ్దంలో మనుషులు టాస్మానియా దీవికి చేర్చిన గ్లైడర్లు ఇప్పుడక్కడి స్విఫ్ట్ ప్యారట్ చిలకల గూళ్లలో దూరి గుడ్లను, పిల్లలను, పొదుగుతున్న తల్లిని కూడా తినేస్తున్నాయి. ఆ చిలక జాతే అంతరించే అంచుకొచ్చింది. వరండాలో లవ్‌బర్డ్స్ పంజరం వేలాడదీసినవాళ్లు ఈ ఫ్రెండ్‌షిప్‌లో తమ వంతేమిటో లెక్క చూసుకోవచ్చు.

చట్టం సంగతి ఇంకా తమాషా. మన చెట్టు మీది రామచిలుకను పంజరంలో పెడితే 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద నేరం. దేవాంగపిల్లిని పట్టితెస్తే జైలే. సముద్రం దాటొచ్చిన గ్లైడర్‌కు మాత్రం 2024లో వచ్చిన రిజిస్ట్రేషన్ నిబంధనలు కూడా అడ్డురావు, అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో దాని పేరు లేదు గనక.

నిజంగా క్షేమంగా ఉంచాలంటే మార్గం లేకపోలేదు. పిల్లీ కుక్కా అడుగుపెట్టని వేరే గది, గడియ పడే తలుపు, అరంగుళం కన్నా ఇరుకు సందుల పంజరం, ఫ్యాను లేని చల్లదనం. ఒంటరిదైతే దిగులుతో తన బొచ్చు తానే పీక్కుంటుంది, కాబట్టి జోడీ. ఇదంతా 10–12 ఏళ్లు. అంటే ఉన్న ఒక్క మంచి గదీ దానికి రాసిచ్చి, ఏసీ పెట్టించి, పెళ్లాం పిల్లలతో మనం మిద్దెక్కి పడుకోవాలి. నడిరాత్రి అది కింద నుంచి కుక్కపిల్లలా మొరుగుతుంది, వీధికుక్కలన్నీ బదులిస్తాయి. కరెంటు బిల్లు మాత్రం మన పేరునే వస్తుంది.