చుక్కల గీత

ఆ పోస్టరు తెనాలిలోని ఓ పాత ప్రెస్సులో దొరికింది. ట్రెడిల్ మెషీను మూలపడి చాలా ఏళ్లయింది. యజమాని మాత్రం తాను అచ్చువేసిన ప్రతి పోస్టరులోనూ ఒక కాపీ తీసి, కట్టగట్టి అటక మీద దాచుకున్నాడు. సినిమావి, నాటకాలవి, సంతాప సభలవి. వాటి మధ్య పలచటి గులాబీరంగు కాగితం మీద ఒక బుర్రకథ దళం.

నాతో వచ్చిన చిత్రకారుడు అక్కడే నేలమీద కూర్చుండిపోయాడు. హైదరాబాదులో అతనికి అదే పని. జానపద కళాకారుల బొమ్మలు పాతకాలపు కచేరీ పోస్టర్ల తీరులో గీసి, స్క్రీన్ ప్రింటింగ్ చేసి అమ్ముతాడు. ఇప్పుడు అలాంటివి చాలామంది వేస్తున్నారు. ఇతను తంబుర తీగలు లెక్కపెట్టుకుని గీస్తాడు.

పోస్టరు మధ్యలో కథకుడు. భుజాన తంబుర, వేళ్లకు అందెలు. అటొకరు ఇటొకరు గుమ్మెటలతో వంతలు. పైన చెక్క అక్షరాల్లో 'బొబ్బిలి యుద్ధం'. అట్టడుగున ప్రెస్సు పేరు, ఊరు. 1867 నాటి చట్టం ప్రకారం అప్పట్లో ఏ అచ్చుకాగితం మీదైనా అవి ఉండితీరాల్సిందే. వాటికి కాస్త పైన రెండు చుక్కల గీతలు. 'ఊరు' పక్కన ఒకటి, 'తేదీ' పక్కన ఒకటి. రెండూ ఖాళీ.

"ఇవెందుకు వదిలేశారు?" అని అడిగాడు చిత్రకారుడు.

"వదిలెయ్యలేదు. అదే పద్ధతి" అన్నాడు యజమాని. "ఊరికోసారి కంపోజింగు చేయించుకుంటే వాళ్లకేం మిగుల్తుంది? ఐదొందలు ఒక్కసారే వేయించుకునేవాళ్లు. బయానా ముట్టాక పోస్టర్లు చేతికిచ్చేవాళ్లు. ఊరూ తేదీ ఆ ఊరివాళ్లే రాసుకుని గోడలకి అంటించుకునేవాళ్లు. సంక్రాంతి నుంచి శ్రీరామనవమి దాకా ఆ ఐదొందలూ చాలేవి కావు."

ఆ పోస్టరును మళ్లీ వేయడానికి చిత్రకారుడికి నాలుగు నెలలు పట్టింది. గులాబీ, నలుపు, ఎరుపు. రంగుకో స్క్రీను. ముఖాలు మాత్రం కొత్తగా గీశాడు. ఆ కథకుడు ఇంకా ఉన్నాడని ప్రెస్సు యజమాని చెప్పడంతో పాత ఫొటోలు తెప్పించుకుని, వాటిని ఎదురుగా పెట్టుకుని గీశాడు. చెక్క అక్షరం అంచు ఎక్కడ విరిగి ఉందో అక్కడే విరిచాడు. సిరా అందక తెల్లబోయిన చోటు తెల్లగానే ఉంచాడు. ఖాళీల్లో హైదరాబాదు పేరు, ప్రదర్శన తేదీ వేస్తే నిండుగా ఉంటుందని అచ్చువేసే కుర్రాడు సలహా ఇచ్చాడు. ఇతను ఒప్పుకోలేదు.

వంద కాపీలు తీసి, ఒక్కోదాని మూలన పెన్సిలుతో నంబరు వేశాడు. ధర మూడు వేలు. ప్రదర్శనలో గోడ మీద అతనే ఒక చిన్న పరిచయం రాసిపెట్టాడు. 1940లలో ప్రజానాట్యమండలి బుర్రకథను ఊరూరా తిప్పిన సంగతి, గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ సంగతి, ఆయనకు 1986లో పద్మశ్రీ వచ్చిన సంగతి. చాలామంది ఓపిగ్గా చదివారు.

అయితే అందరూ ఎక్కువసేపు నిలబడింది చుక్కల గీతల దగ్గరే. ఒకావిడ కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది. "ప్రాణమంతా ఈ ఖాళీలోనే ఉంది. మంచి పని చేశారు, నింపలేదు" అంది. ఆ మాట ఆవిడ వెనకున్నవాళ్లు ఇంకొకరికి చెప్పారు. నాలుగు రోజుల్లో తొంభైతొమ్మిది కాపీలు వెళ్లిపోయాయి.

ఒకటో నంబరు అమ్మలేదు. దానికి టేకు ఫ్రేము కట్టించి, అద్దం వేయించి, పదివేలు కవర్లో పెట్టుకుని కథకుడి ఊరు బయల్దేరాడు. నేనూ వెళ్లాను. పెద్దవాళ్లకు ఉత్త కవరు చేతికివ్వడం బాగుండదని తెనాలి బజారులో ఆకులూ వక్కలూ అరటిపళ్లూ నేనే కొనిపించాను.

ఆ ఊరు తెనాలికి అరగంట దూరం. రెండు గదుల ఇల్లు, ముందు వేపచెట్టు. డెబ్భై అయిదు దాటిన మనిషి, నులకమంచం మీద పొగాకు కాడలు గిల్లుకుంటున్నాడు. ఫ్రేము చూపించగానే లేచి, చేతులు కడుక్కుని, కండువాతో తుడుచుకుని అందుకున్నాడు.

చాలాసేపు చూశాడు. ఎడమవైపు వంత ముఖం మీద వేలు పెట్టి "వీడు పోయి మూడేళ్లయింది" అన్నాడు. అక్కణ్నుంచి కిందికి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ ప్రెస్సు పేరు దాకా చదివాడు.

చిత్రకారుడు వంగి, ఆకూ వక్కా అరటిపళ్ల మీద కవరు పెట్టి ఇచ్చాడు. పెద్దాయన రెండు చేతులా తీసుకుని కళ్లకద్దుకున్నాడు. కవరు తెరవలేదు. దేవుడి పటం ముందు పెట్టొచ్చి లోపలికి కేకేశాడు.

"ఏమేవ్, ఆ ట్రంకుపెట్టె తియ్."

ఆవిడ ఏమీ అడగలేదు. అంగీ, తలపాగా గుడ్డ, నడికట్టు తెచ్చి దులిపి, చెట్టు కింద తాడు మీద ఆరేసింది. కలరా ఉండల వాసన వాకిలంతా వచ్చింది.

మనవణ్ని పిలిచి "మీ చిన్నతాతని గుమ్మెట తీసుకుని రమ్మను, బేగి" అన్నాడు. వాడు పరుగెత్తాడు.

మేకుకు వేలాడుతున్న తంబుర దించి తుడిచాడు. తీగ సవరించి మీటాడు. పలకలేదు. బిరడ తిప్పి మళ్లీ మీటాడు. పలికింది. అందెలు వేళ్లకు తొడుక్కోబోతే కణుపుల దగ్గర పట్టేశాయి. కొబ్బరినూనె రాసుకుని తొడుక్కున్నాడు.

రెండో వంత వచ్చాడు. దారిలోనే సంగతి తెలిసినట్టుంది, చొక్కా మార్చుకున్నాడు. గుమ్మెటను ఎండకి పెట్టి, చర్మం బిగిసిందో లేదో వేలితో కొట్టి చూసుకుంటూ "బొబ్బిలేనా?" అన్నాడు.

"బొబ్బిలే."

"మరి ఎడమపక్క?"

"మనవడు ఉన్నాడుగా. తందాన అందుకోవడం వాడికొచ్చు."

చిత్రకారుడు ఫోను తీసి, గోడకు ఆనించి, ముగ్గురూ కనపడేలా సరిచేస్తున్నాడు. చేతులు వణుకుతున్నాయి. "మాకోసం ఇంత శ్రమెందుకు తాతగారూ" అన్నాడు. గొంతు పూడుకుపోయింది.

"శ్రమేముంది బాబూ. ఎనిమిదేళ్లయింది ఇవి తీసి."

పెద్దాయన ఫ్రేమును ఒళ్లో పెట్టుకున్నాడు. మనవడి జేబులోంచి పెన్ను తీసుకుని, మూత నోటితో లాగాడు. ములుకు అద్దం మీద టక్కుమంది.

"కాస్త ఈ అద్దం తీసిపెట్టండి బాబూ. ఇంతకీ ఏ ఊరు, ఏ తేదీ?"