మేరీమాత తిరునాళ్ల దాకా ఆగండి

గుణదలలో గీజరు చెడిపోయేది ధనుర్మాసంలోనే. ఇందులో గ్రహాల ప్రమేయం ఏమీ లేదు. మార్చి నుంచి అక్టోబరు దాకా నీళ్లు కాచే పని మేడమీది నల్ల ట్యాంకే చేసిపెడుతుంది. మే నెల మధ్యాహ్నం చన్నీళ్ల కుళాయి కింద కాలు పెట్టిన మనిషి అంతే వేగంగా వెనక్కి తీసుకుంటాడు. బెజవాడకు బ్లేజ్‌వాడ అన్న పేరు ఊరికే రాలేదు. అలా నెలల తరబడి గోడకు వేలాడిన యంత్రాన్ని ఒక చలి పొద్దున్న స్విచ్చి వేసి లేపుతాం. అది లేవకపోతే ఆశ్చర్యపోతాం. ఆ వెంటనే ఇంట్లో సభ మొదలు: బాగుచేయించాలా, కొత్తది కొనాలా? పెద్దవాళ్లు ఒక పక్షం, కోడళ్లూ పిల్లలూ ఇంకో పక్షం. మాల వేసుకున్నవాడొకడు ఉంటే, అది భవానీ మాలైనా అయ్యప్ప మాలైనా, దీక్ష ముగిసేదాకా చన్నీళ్లే కనుక అతనొక్కడే నిష్పక్షపాతి. అందుకే అతని అభిప్రాయం ఎవరూ అడగరు. ఈ సభకు నా తీర్మానం ఒకటి పంపుతున్నాను: మన ఊళ్లో గీజరును దాని వయసు చూసి మార్చకూడదు, అది ఎక్కడ కారుతోందో చూసి మార్చాలి. లోపలి ట్యాంకే చిల్లుపడితే మార్చండి. తక్కిన ఏ రోగానికైనా వైద్యం ఉంది.

కొత్తది కొనమనే పక్షానికి పెద్ద ఆయుధం కరెంటు బిల్లు. పాతది కరెంటు తాగేస్తుంది, కొత్తదానికి అయిదు నక్షత్రాలున్నాయి, మిగిలిన డబ్బుతో దాని ఖరీదు అదే రాబట్టుకుంటుంది అంటారు. ఫ్రిజ్జు విషయంలో, ఏసీ విషయంలో ఈ మాటకు విలువుంది. గీజరు దగ్గర చెల్లదు. నీళ్లలో మునిగిన కాయిల్ తీసుకున్న కరెంటంతా వేడిగానే మారుతుంది. మారకుండా తప్పించుకోవడానికి దానికి వేరే దారి లేదు. 15 లీటర్ల నీళ్లు 24 డిగ్రీల నుంచి 54 డిగ్రీలకు కాగాలంటే అర యూనిట్‌కు కాస్త పైన కావాలి. కాయిల్ నిన్న బిగించినదైనా పదిహేనేళ్ల నాటిదైనా ఆ లెక్క మారదు. మరి నక్షత్రాలు దేనికిస్తున్నారంటే, కాగిన నీళ్లు ట్యాంకులో ఊరికే నిలవున్నప్పుడు ఎంత వేడి బయటికి జారిపోతుందో కొలిచి ఇస్తున్నారు. రాత్రింబవళ్లు స్విచ్చి వేసి ఉంచే లాడ్జికి అది పెద్ద లెక్కే. గుణదల ఇంట్లో ఆ వైభోగం ఎక్కడిది? స్విచ్చి వేసిన పావుగంటకే “గీజరు కట్టేశావా లేదా?” అని వంటింట్లోంచి కేక వస్తుంది. ఆ కేక అయిదు నక్షత్రాల పెట్టు. కావాలంటే కాగితం మీద వేసి చూడండి. మీ పాత గీజరు రోజంతా వేసి ఉంచితే ముప్పాతిక యూనిట్ పోగొట్టే రకం అనుకుందాం. రోజుకు గంటసేపు వేసి, కాగినవి కాగినట్టు వాడేసే ఇంట్లో పోయేది యూనిట్‌లో ముప్పయ్యో వంతు. 2022 నాటి టారిఫ్‌లో 226 నుంచి 400 యూనిట్ల దాకా స్లాబు ధర 8.75 రూపాయలు. ఆ ధర కట్టినా రోజుకు పావలా దాటి రెండు పైసలు. చలి 75 రోజులుంటుందని ఉదారంగా ఒప్పుకుంటే ఏడాదికి 20 రూపాయలు. కొత్తది 7,000 పోసి కొని, దాంట్లోంచి వేడన్నది బొత్తిగా బయటికి పోదని నమ్మినా సరే, ఆ డబ్బు తిరిగి రావడానికి 350 ఏళ్లు పడుతుంది. అన్నేళ్లు ట్యాంకుకు వారంటీ ఇచ్చే కంపెనీ ఇంకా పుట్టలేదు.

ఇక్కడ లండన్‌లో ఉన్న అబ్బాయి వీడియో కాల్‌లో అడ్డొస్తాడు. “పాతది తీసేయండి నాన్నా, మేమిక్కడ మార్చగానే బిల్లు తగ్గింది” అంటాడు. అతను చెప్పేది అబద్ధం కాదు. అక్కడి ఇళ్లలో గ్యాస్ మండించి, స్నానానికి నీళ్లే కాక, చలికాలమంతా ఇల్లు మొత్తాన్నీ వెచ్చబెడతారు. పాతకాలపు బాయిలర్లలో ఆ వేడిలో చెప్పుకోదగ్గ వాటా పొగగొట్టంలోంచి ఆకాశానికి పోతుంది. పోయే పొగలోని ఆవిరిని కూడా చల్లార్చి ఆ వేడిని వెనక్కి పిండుకునే కండెన్సింగ్ రకాన్ని 2005 నుంచి ఇంగ్లండ్‌లో దాదాపు తప్పనిసరి చేశారు. ఆ దేశంలో మార్చడమే లాభం. మనకు జనవరి తెల్లవారుజామున 18, 19 డిగ్రీలైతే అదే గజగజ. లంబసింగి వాళ్లు వింటే నవ్వుతారు. అబ్బాయి సలహాలో ప్రేమ ఉంది గానీ అక్షాంశం లేదు.

అయితే పొగగొట్టం సంగతి వచ్చింది కనుక ఒక నిజం ఒప్పుకోవాలి. గుణదల గీజరుకూ పొగగొట్టం ఉంది. కాకపోతే అది ఇబ్రహీంపట్నంలో ఉంది. నార్ల తాతారావు థర్మల్ కేంద్రంలో బొగ్గు మండి నీళ్లు ఆవిరై టర్బైను తిరిగితే, బొగ్గులోని వేడిలో ఇంచుమించు మూడో వంతే కరెంటు అవుతుంది. మిగతాది గాలికీ కృష్ణ నీళ్లకూ ధారాదత్తం. ఈ రాష్ట్రపు కరెంటు లెక్కలు చూసే విద్యుత్ సౌధ ఏలూరు రోడ్డు మీద మన గుణదలలోనే ఉంది కాబట్టి, నీళ్లు కాచుకోవడంలో ఈ పేటకు ఉన్నంత అధికార హోదా ఇంకే పేటకూ లేదు. సరే, ఆ అసలు బాయిలర్ల సంగతి చూడండి. మొదటి 210 మెగావాట్ల యూనిట్ 1979లో వెలిగింది. 1995 నాటికి అలాంటివి ఆరయ్యాయి. చాలకపోతే 2009లో 500 మెగావాట్లది, 2023లో 800 మెగావాట్లది పక్కన కట్టారు. కొత్తది వచ్చింది కదా అని పాతవాటిని ఆ మర్నాడే కాటాకు వేయలేదు. గొట్టం పగిలిన రోజున ఆపారు, చల్లారాక లోపలికి దిగి అతికారు, మళ్లీ వెలిగించారు. అంతంత మంటకు తట్టుకున్న బాయిలర్లకు ఇన్ని దశాబ్దాల ఆయుష్షు ఇచ్చి, ఏడాదికి రెండున్నర నెలలు పనిచేసే గీజరును ఏడేళ్లకే ముసలిదనడం న్యాయంగా లేదు.

ప్రభుత్వాన్ని చూసి ఇల్లు నడుపుకోమంటారా అని ఎవరైనా అడగవచ్చు. మంచి ప్రశ్న. నేను చూడమన్నది ప్రభుత్వాన్ని కాదు, దాని బాయిలర్‌కు జరిగే సేవను. 1923 నాటి బాయిలర్ల చట్టం మొదలుకొని నేటిదాకా ఆవిరి పుట్టించే పెద్ద బాయిలర్‌ను ఇన్‌స్పెక్టరు గడువు లోపల చూసి సర్టిఫికెట్ ఇవ్వాల్సిందే. (ఆ చట్టాన్ని కూడా 102 ఏళ్లు సవరణల మీద నడిపించి 2025లో కొత్తది తెచ్చారు; మరమ్మతు పక్షానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?) అంతేకాదు, థర్మల్ కేంద్రంలో బాయిలర్‌కు పోసే నీళ్లలోంచి లవణాలన్నీ ముందే తీసేస్తారు. మనం తాగడానికి కృష్ణ నీళ్లు పట్టుకుని, గీజరుకు బోరు నీళ్లు పోస్తాం. ఆ నీళ్లలో కరిగి ఉన్న సున్నం చన్నీళ్లలో బుద్ధిగా ఉంటుంది, వేడి తగలగానే విడిపోయి కాయిల్ మీద పొరలు పొరలుగా గడ్డకడుతుంది. మెకానిక్ దాన్ని చూసి “ఉప్పు పట్టేసిందండీ” అంటాడు. ఆ ఉప్పు వల్ల బిల్లు పెరుగుతుందని చాలామంది భయం. బిల్లుకు పెద్దగా ఏమీ కాదు, వేడి ఎలాగూ చివరికి నీళ్లలోకే పోవాలి, కాకపోతే ఆలస్యంగా పోతుంది. ఈలోపల ఆ పొర కింద కాయిల్ ఒళ్లు కాలి మాడిపోతుంది. చెడేది కాయిల్, దాని ఖరీదు వందల్లో. మార్చేది గీజరు, దాని ఖరీదు వేలల్లో. లోపల మెగ్నీషియం కడ్డీ అని ఇంకొకటి ఉంటుంది. ట్యాంకు ఇనుముకు పట్టాల్సిన తుప్పును తన మీదికి తెచ్చుకుని కరిగిపోవడమే దాని ఉద్యోగం. ఉమ్మడి కుటుంబంలో పెద్దకోడలి లాంటిది: ఉన్నన్నాళ్లూ ఎవరికీ కనపడదు, అరిగిపోయాక గానీ ఇల్లు కారడం మొదలెట్టదు. ఆ కడ్డీని రెండు మూడేళ్లకోసారి మార్పించిన ఇల్లు ఈ పేట మొత్తం మీద ఎక్కడుందో గాలించాలి. కంపెనీలు ట్యాంకుకు అయిదేళ్లో ఏడేళ్లో, కాయిల్‌కు రెండేళ్లో వారంటీ రాస్తాయి. ఆ అంకెలను మనం జాతకంలో ఆయుర్దాయంలా చదువుకుంటాం గానీ, ఆ కడ్డీ మీద పెట్టే నాలుగు వందలతో ఆ గండం దాటవచ్చు.

నా వాదనకు గట్టి అభ్యంతరం ఒక్కటే ఉంది, అది ప్రాణభయం. స్నానాల గదిలో తడి కాళ్లతో నిలబడే మనిషికీ కరెంటుకీ మధ్య ఉన్నది ఆ డబ్బా ఒక్కటే; అక్కడ పిసినారితనం పనికిరాదు. పూర్తిగా ఒప్పుకుంటాను. కానీ ప్రాణం తీసేది గీజరు వయసు కాదు, దొంగ మరమ్మతు. థర్మోస్టాట్ పోయినప్పుడు, వేడి మితిమీరితే కరెంటు ఆపే కటౌట్‌ను తప్పించి రెండు వైర్లూ కలిపేసి “డైరెక్ట్ చేసేశానండీ, ఇక ఢోకా లేదు” అనే వాడి చేతిలో నిన్న కొన్న గీజరు కూడా బాంబే. నీళ్లు ఆగకుండా మరుగుతాయి, ఉప్పు పట్టి బిగుసుకున్న సేఫ్టీ వాల్వు తెరుచుకోదు, ఆ తర్వాత గోడ కూడా మిగలకపోవచ్చు. కాబట్టి బాగుచేయించడమంటే థర్మోస్టాట్‌కు థర్మోస్టాట్, కటౌట్‌కు కటౌట్, వాల్వుకు వాల్వు పెట్టించడం, ఎర్త్ ఉందో లేదో చూపించుకోవడం. సరైన ఎర్త్ లేని ఇంట్లో కొత్త గీజరు పెట్టినా షాకు కొత్తగా కొడుతుంది, అంతే. కాయిల్, థర్మోస్టాట్, వాల్వు, మజూరీ అన్నీ కలిపి కొత్తదాని ఖరీదులో సగం దాటిపోతే మాత్రం నేను వాదన మానుకుని కొనమంటాను.

ఏదీ తేల్చుకోలేని ఇళ్లకు కాలమే తీర్పు చెబుతుంది. ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా గుణదల మేరీమాత తిరునాళ్లు. కొండ దిగేసరికి జనానికి చెమట పడుతూ ఉంటుంది. ఆపైన శివరాత్రి, ఆపైన నల్ల ట్యాంకు రాజ్యం. జనవరిలో తొందరపడి కొన్న గీజరు మార్చి నుంచి గోడకు అలంకారం; అదే వేసవిలో మెకానిక్‌ను పిలిస్తే పని లేక తీరిగ్గా వస్తాడు, కాయిల్ విప్పి మనకే చూపించి మరీ బిగిస్తాడు. పండుగాకులు, బాలింతలు, మోకాళ్ల నొప్పులవాళ్లు అప్పటిదాకా ఏం కావాలంటారా? వాళ్లకు నా వాయిదా వర్తించదు, వాళ్లున్న ఇంట్లో ఆ రోజే మెకానిక్‌ను పిలవాలి. రాకపోతే గ్యాసు పొయ్యి మీద గిన్నెడు నీళ్లు పెట్టి బకెట్‌లో కలుపుకోవడం ఇంకా నేరం కాలేదు. బకెట్‌లో హీటర్ రాడ్ వేసి, స్విచ్చి ఆపకుండా కాగాయో లేదో చెయ్యి పెట్టి చూసే అలవాటు మాత్రం వద్దు.

చివరికి అడుగున తుప్పు రంగు చుక్క కనిపించిందనుకోండి. కంగారు పడకుండా అది ఎక్కడిదో చూడండి. కాగేటప్పుడు సేఫ్టీ వాల్వు నుంచి నాలుగు చుక్కలు రాలితే వాల్వు తన పని తాను చేస్తోంది. పైపు జాయింట్ దగ్గరైతే టేపు చుడితే పోతుంది, కాయిల్ బిగించిన ప్లేటు దగ్గరైతే గాస్కెట్ మారిస్తే పోతుంది. ట్యాంకు ఒంట్లోంచే వస్తుంటే ఇక సభలు అక్కర్లేదు. ఆటోనగర్ ఉన్న ఊళ్లో ఇక్కడే ఒక దురాశ పుడుతుంది: మూలనపడ్డ లారీకే ప్రాణం పోసేవాళ్లు, దీనికి ఒక వెల్డింగ్ చుక్క పెట్టలేరా అని. పెడతారు. ఆ మంటకు లోపలి గాజు పూత పగిలి, ఒక చిల్లు పూడ్చిన పుణ్యాన నాలుగు చిల్లులు పుడతాయి. కాబట్టి కొత్తది కొనండి, నలుగురున్న ఇంటికి 15 లీటర్లది చాలు, కొట్టువాడు 25 చూపించినా సరే. పాతదాన్ని పాత సామాన్లవాడికి వేసేటప్పుడు మాత్రం లోపల దులిపి ఇవ్వకండి. ఇన్నేళ్లుగా బోరు నీళ్లు ఉచితంగా పోగేసిన ఉప్పుకు ఇనుము ధర వచ్చే రోజు అదొక్కటే.